చుట్టాలకి ఇంటి గుడ్లు ఊరకే ఇవ్వాలా, డబ్బులు తీసుకోవచ్చా?

పెరటి పెట్ట (నరసన్నపేట దగ్గర)
మా పెరట్లో 14 నాటు పెట్టలు, రెండు పుంజులు. రోజుకి మూడో నాలుగో గుడ్లు వస్తాయి. మా ఆడపడుచు శ్రీకాకుళం టౌన్‌లో ఉంటుంది. మా ఆయన వారం వారం ఆ వైపు వెళ్తారు కాబట్టి ఆవిడకి డజను పంపేదాన్ని. గత నెల కోళ్లకి వేసే నూకలు, గంటెల (సజ్జల) ఖర్చు లెక్క చూసుకుని ఈసారి గుడ్డుకి పది రూపాయలు అడిగాను. పక్కింటివాళ్లకైతే పన్నెండు. "ఏటి వదినా, నా పుట్టింటి గుడ్డుకి నాకే రేటు కడతావా?" అంది. నవ్వుతూనే అంది, కానీ ఆదివారం నుంచి ఫోన్ లేదు. మా అత్తగారు ఏమీ అనలేదు, నాకు అదే టెన్షన్. తప్పు నాదేనంటారా?

టెక్కలి బావ
తప్పేనమ్మా. ఆడపిల్లకి పుట్టింటి నుంచి వెళ్లేదానికి రేటేమిటి? మా జీడితోటలో పిక్కలు ఎవరికి ఎన్ని కేజీలు వెళ్లాయో మేం ఎప్పుడూ రాసుకోలేదు. సంక్రాంతికి ఆవిడ మీ పిల్లలకి బట్టలు తేలేదా? అదీ లెక్కలో రాయండి మరి.

పెరటి పెట్ట
తెచ్చింది. ప్రతి ఏడూ తెస్తుంది. అది నిజమే.

చీపురుపల్లి మాస్టారు
బావగారూ, జీడిపిక్కకి, కోడిగుడ్డుకి పోలికేమిటండీ? ఇంట్లో కోళ్లు పెంచినవాళ్లు ఎవరూ గుడ్డుని గుడ్డుగా లెక్కపెట్టరు. నాటు పెట్ట ఒక విడతకి పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. 21 రోజులు సరిగ్గా తిండి కూడా తినదు. పన్నెండు వేస్తే తొమ్మిదో పదో పిల్లలవుతాయి. గద్ద, పిల్లి, ముంగిస ఎత్తుకెళ్లినవి పోను, కొక్కెర తెగులు రాకుండా ఉంటే నాలుగైదు చేతికొస్తాయి. అంటే ఆవిడ వారం వారం ఆడపడుచుకి పంపిన సంచిలో వెళ్లింది పండక్కి ఎదిగే నాలుగు కోళ్లు. ఫారం గుడ్డుకి నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) వాళ్లు రోజూ రేటు చెప్తారు, పేపర్లో వస్తుంది. నాటు గుడ్డుకి ఆ రేటుతో పనిలేదు.

ఇంకో మాట. మా అమ్మ గుడ్లమ్మిన చిల్లర బియ్యం డబ్బాలో అడుగున దాచేది. చేయి పెడితే బియ్యంతోపాటు రూపాయి బిళ్లలు తగిలేవి. మా నాన్న పొలం డబ్బుకి లెక్క అడిగేవాడు గానీ ఆ డబ్బు జోలికి వెళ్లేవాడు కాదు. నా పలకా, బలపాలూ దాంట్లోంచే వచ్చాయి. గూడు కడిగింది ఎవరో, గుడ్డు డబ్బు వాళ్లది. ఇక్కడ కోళ్లని చూసేది ఎవరు, మీరేగా?

పెరటి పెట్ట
నేనే సార్. తెల్లారి అయిదుకి గంప ఎత్తేది నేనే.

నెల్లిమర్ల అమ్మాయి
డబ్బు సంగతి మీరు తేల్చుకోండి. నాకైతే ఊరకే ఇచ్చినందుకే పరువు పోయింది. మా స్నేహితురాలికి పది గుడ్లు ఇచ్చాను. ఆమ్లెట్ వేద్దామని కొడితే ఒక దాంట్లో పచ్చసొన మీద ఎర్రటి దారాల్లా నరాలు, మధ్యలో నల్లటి చుక్క. గడ్డివాములో పెట్ట రహస్యంగా కూర్చున్న గుడ్లు మా తమ్ముడు తెచ్చి బుట్టలో కలిపేశాడు. ఆవిడ ఇప్పటికీ మా ఇంట్లో గుడ్డు తినదు.

అప్పటి నుంచి గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ వేస్తున్నాను. అనుమానం ఉన్నదాన్ని నీళ్లలో వేస్తే, తాజాదైతే అడుగున పడుకుంటుంది. పాతదైతే లోపల గాలి పెరిగి నిక్కుతుంది, బాగా పాతదైతే తేలుతుంది. ముందే కడగకండి. పెంకు మీద సన్నని పొర ఉంటుంది, అది పోతే లోపలికి క్రిములు పోవడం తేలిక. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మే నెలలో పొద్దుటి గుడ్డు పొద్దుటే తీయాలి, ఆ వేడికి పొదగకపోయినా లోపల కదలిక మొదలవుతుంది. కోళ్లకి నీళ్లలో మందు కలిపితే, పశువుల డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆ గుడ్లు ఎవరికీ ఇవ్వకూడదు. ఊరకే కూడా.

టెక్కలి బావ
అమ్మితే లైసెన్సులు, తలనొప్పులు కూడా ఉంటాయేమో చూసుకోండి.

చీపురుపల్లి మాస్టారు
ఇంట్లో పెట్టిన గుడ్డు పక్కింటికి అమ్మితే ఏ లైసెన్సండీ. 2006 ఆహార భద్రత చట్టంలోనే రైతు చేతిలో ఉన్న సరుకుని విడిగా పెట్టారు. నలుగురి దగ్గర కొని అమ్మితే అది వేరే కథ.

విజయనగరం అద్దెకొంప
నేను తీసుకునేవాళ్ల తరఫు. మా పిన్ని ఊరకే ఇస్తుంది, అందుకే నేను అడగలేను. ఇంట్లో చంటిది ఉంది, వారానికి పది కావాలి. "పిన్నీ, ఇంకో నాలుగు" అనడానికి నోరు రాదు. బజార్లో "నాటు గుడ్లు" అని గోధుమరంగువి తెచ్చాను. తర్వాత తెలిసింది, పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, ఫారంలో కూడా అలాంటివి పెడతాయి. డబ్బులు తీసుకుంటే నాకు మొహమాటం ఉండదు. మీ ఆడపడుచుకి బాధ డబ్బు గురించి కాదేమో. మొదటి నుంచీ పది అంటే ఇచ్చేది. ఇన్నాళ్లూ ఊరకే ఇచ్చి ఉన్నట్టుండి రేటు చెప్పారు, అదీ ఫోన్లో.

పెరటి పెట్ట
అవును, ఫోన్లోనే చెప్పాను. అది నాకు తట్టలేదు.

ఇదంతా రాత్రి మా అత్తగారికి చదివి వినిపించాను. బియ్యం డబ్బా దగ్గర నవ్వారు. "దానికి నెలకి ఒక డజను నా వాటా కింద ఇయ్యి, మిగతావి అది కొనుక్కుంటాది, నాను చెప్తాను" అన్నారు. ఇప్పుడే చేయించండి ఫోను అంటే, "రేపు శనివారం, గుడ్ల మాట ఎందుకు, ఆదివారం చూద్దాం" అని పడుకున్నారు.