అప్‌డేట్: లెక్కలా, ఇంటర్వ్యూలా?

రైతు ఆత్మహత్యల మీద పీహెచ్‌డీకి ప్రభుత్వ గణాంకాలు సరిపోతాయా, కుటుంబాలతో మాట్లాడాలా అని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థాంక్స్. రెండూ చేస్తున్నాను. కానీ ఆ అంకెలు ఎలా తయారవుతాయన్నది కూడా ఇప్పుడు నా పరిశోధనలో భాగమే. ఫ్రెంచ్ సామాజికశాస్త్రవేత్త డర్క్‌హైమ్ 1897లో అధికారిక లెక్కల మీదే ఆత్మహత్యల గురించి తన వాదన కట్టాడు, అసలు ఒక మరణాన్ని ఆత్మహత్య అని ఎవరు తేలుస్తారో చూడాలని 1967లో అమెరికన్ సామాజికశాస్త్రవేత్త జాక్ డగ్లస్ పట్టుబట్టాడు. మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునైనది, ఎందుకంటే పట్టా లేని కౌలుదారు, రోజంతా పొలంలో పనిచేసే ఆడమనిషి 'రైతు' లెక్కలోకి రాకుండానే పోవచ్చు, పైగా 2014 లెక్కల నుంచి ఎన్‌సీఆర్‌బీ (ఆత్మహత్యల లెక్కలు ప్రచురించే జాతీయ నేర గణాంకాల సంస్థ) రైతుల్ని, వ్యవసాయ కూలీల్ని విడిగా చూపిస్తోంది కాబట్టి అంతకుముందు ఏళ్లతో నేరుగా పోల్చలేం. గైడ్ ఒప్పుకున్నారు. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే ఆ ఇళ్లకు వెళ్తాను.