సమస్యాపూరణం: రాయిఁ జూచి కొట్ట రంధ్ర మబ్బు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

రాయిఁ జూచి కొట్ట రంధ్ర మబ్బు

విషయం గోల్ఫు. సెయింట్ ఆండ్రూస్, అగస్టా వద్దు, అందరికీ తెలిసినవే. మన పాఠకులు అంతగా వినని కోర్సులో మీకు నచ్చిన ఒక్క గుంతను పద్యంలో పెట్టండి, ఊరు పేరు కింద వచనంలో రాయండి. మాటల దగ్గర ముందే ఒప్పందం చేసుకుందాం: టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి జెండా దాకా మొత్తం "గుంత", గ్రీన్ (రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) "పచ్చిక", బంతి పడే నాలుగుంబావు అంగుళాలది "రంధ్రం". (ఆ కొలత స్కాట్లండులోని మసెల్‌బర్గ్‌లో 1829 నాటి కోత పనిముట్టుది. 1891లో అదే నియమమైంది.)

తీరవాసి:

ఇసుక దిబ్బ వెనుక నింపైన పచ్చిక
దాగె, జెండ దాగె, దారి దెలుప
తెల్లసున్న మలఁది దిబ్బపై నిల్పిన
రాయిఁ జూచి కొట్ట రంధ్ర మబ్బు

ఐర్లండు, క్లేర్ కౌంటీ, లహించ్. ఐదో గుంత, పేరు డెల్. పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన గుంత), సుమారు 154 గజాలు. 1894లో ఓల్డ్ టామ్ మోరిస్ వేసిన కోర్సు. పచ్చిక రెండు పెద్ద ఇసుక దిబ్బల నడుమ ఇరుక్కుని ఉంటుంది, టీ మీంచి ఏమీ కనబడదు. ముందు దిబ్బ మీద సున్నం పూసిన రాయి ఒక్కటే ఆధారం. రంధ్రం చోటు మార్చిన రోజున రాయినీ జరుపుతారు.

నిర్వాహకుడు:
తీరవాసి గారూ, మొదటి పూరణే సమస్యకు అతికినట్టు వచ్చింది. "దాగె" రెండుసార్లు పడడం ఇక్కడ అందమే. "అలఁది" చక్కని మాట, సున్నానికి "పూసి" కన్నా బాగుంది. మూడో పాదంలో తె–ది యతి సరిపోయింది. "మబ్బు" అని విడిగా చదివితే అట్లాంటిక్ మీది మేఘం కూడా వచ్చిపడింది, అది సమస్య ఇచ్చిన నాకే తోచలేదు.

ఎడంచేతివాటం:
పద్యానికి వంక లేదు, భావానికి ఉంది. రాయి చెప్పేది దిక్కు మాత్రమే. డెల్ పచ్చిక అడ్డంగా వెడల్పు, ముందు నుంచి వెనక్కి లోతు తక్కువ. అంటే దిక్కు కాస్త తప్పినా పచ్చిక మీదే ఉంటాం, దూరం తప్పితే దిబ్బ గడ్డిలో వెతుక్కోవాలి. రాయి సులువైన సగం చెప్పి కష్టమైన సగం మన మీద వదిలేస్తుంది. గంటకు 10 మైళ్ల ఎదురుగాలి ఉంటే దూరానికి పది శాతం కలపాలి: 154ను 170 అనుకోవాలి. వెనకగాలికి అందులో సగమే తగ్గించాలి, 146 చాలు. పది శాతం తగ్గించినవాళ్ల బంతి ముందు దిబ్బలోనే ఆగుతుంది.

ఇంకొకటి. టీ మీద నిలబడే చోటును బట్టి గీత మారుతుంది. నడిమికి రెండు గజాలు కుడిగా నిలబడి రాయి మీదుగా కొడితే బంతి జెండాకు ఎడమగా పోతుంది.

తీరవాసి:
నిజమే. "అబ్బు" అన్నది సమస్యలోనే ఉంది, నేనేం చేయను! 2019లో ఐరిష్ ఓపెన్ జరిగిన కోర్సు కాబట్టి మారుమూలది కాదని ఎవరైనా అంటారేమో అనుకున్నాను.

పిచ్చుక:

గోడ యడ్డు, వెనుక గుంతలోఁ బచ్చిక
పొట్టి దెబ్బ వేయ గోడ తగులు
గోడ మీఁది, జెండ కొనకు నేరుగ నున్న
రాయిఁ జూచి కొట్ట రంధ్ర మబ్బు

స్కాట్లండు, నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్, 13వ గుంత, పిట్. పార్ 4. రెండో దెబ్బ పాత రాతిగోడ మీదుగా వేయాలి, పచ్చిక గోడకూ ఇసుక దిబ్బకూ మధ్య పల్లంలో ఉంటుంది.

నిర్వాహకుడు:
పిచ్చుక గారూ, రెండో పాదంలో యతి తప్పింది. "పొ"కు "గో" కుదరదు. "పొట్టి దెబ్బ గోడఁ బొడుచుఁ గాదె" అంటే పొ–బొ కలుస్తాయి, గణాలూ సరిపోతాయి. మొదటి పాదంలో "గుంత"ను పల్లం అర్థంలో వాడారు, మన ఒప్పందం తప్పారు. పద్యంలో కాబట్టి సరే. ఆ కోర్సులో 15వ గుంత రెడాన్‌ను ప్రపంచమంతా నకలు చేసింది, దాన్ని వదిలి దీన్ని ఎంచుకోవడం నాకు నచ్చింది.

పిచ్చుక:
ధన్యవాదాలండీ. మీ సవరణే ఉంచుతున్నాను. "పొడుచు" నా "తగులు" కన్నా బలంగా ఉంది.

ఎడంచేతివాటం:
ఇక్కడ రాయి గురి గీతకే. క్లబ్బు ఊపేటప్పుడు కూడా కళ్లూ మనసూ గోడ మీదే ఉంటే దెబ్బ కుంచించుకుపోయి బంతి ఆ రాయికే తగులుతుంది. గీత చూసుకున్నాక రాయిని మరిచిపోయి, గోడ దాటాక బంతి ఎక్కడ వాలాలో అక్కడికి కొట్టాలి. గోడ నడుమెత్తుకు మించదు, మామూలుగా లేచిన బంతి దాటేస్తుంది. దాటనిది నెత్తిన తగిలి దొర్లే బంతి. అది గోడ మొదట్లో ఆగితే ఉచిత విముక్తి (శిక్ష లేకుండా బంతిని జరుపుకునే వీలు) ఆశించకండి, అక్కడ గోడ కోర్సులో భాగమే. పక్కకో వెనక్కో కొట్టాలి, లేదా ఒక దెబ్బ శిక్ష పడి బంతిని వేరే చోట చేత్తో జారవిడవాలి.

కొండగాలి:

కాకిగూఁడు పేరు, కనరాదు పైనున్న
పచ్చిక మఱి జెండ, పైకి నెన్ని
గజములున్న వనుచుఁ గనుగొన నల మైలు
రాయిఁ జూచి కొట్ట రంధ్ర మబ్బు

స్కాట్లండు, ఆరన్ దీవి, షిస్కిన్. 18 కాదు, 12 గుంతల కోర్సు. మూడోది క్రోస్ నెస్ట్, పార్ 3, 130 గజాలకు అటూ ఇటూ. పచ్చిక కొండ గట్టు మీద ఉంటుంది.

నిర్వాహకుడు:
మూడో పాదం చివర "మైలు" చేర్చి రాయిని మైలురాయి చేశారు. ఈ విరుపు కోసమే సమస్య ఇచ్చాను. పచ్చిక–పైకి యతి కూడా చెల్లుతుంది. అయితే మైలుకు 1760 గజాలు. మీ గుంత అందులో పదమూడో వంతు కూడా దాటదేమో. "గజపురాయి" అనాల్సింది!

ఎడంచేతివాటం:
డెల్ రాయి దిక్కు చెప్పి దూరం చెప్పదు, ఈ రాయి దూరం చెప్పి దిక్కు చెప్పదు. ఆ దూరమూ చదును లెక్కే. పచ్చిక ఎంత ఎత్తులో ఉంటే అన్ని గజాలు కలపడం మోటు లెక్క: 15 గజాల ఎత్తైతే 130ని 145 అనుకుని ఒక క్లబ్బు పెద్దది తీయాలి. ఎగువకు కొట్టిన బంతి నిట్టనిలువుగా దిగకముందే నేలను తాకుతుంది కాబట్టి పడ్డాక దొర్లుడెక్కువ, కనుక పచ్చిక ముందంచు లెక్కనే కొట్టాలి.

కొండగాలి:
రెండో పద్యం స్కాట్లండులోని బ్రోరా కోర్సు మీద రాయవచ్చా? అక్కడ గొర్రెలు, పశువులు కోర్సులోనే మేస్తాయి.

నిర్వాహకుడు:
అక్కడ రాయి లేదు కదండీ, పచ్చికల చుట్టూ కరెంటు తీగ ఉంది. తీగకు వేరే సమస్య ఇస్తాను.