నరసన్నపేట చెల్లికి: ఎలక్ట్రిక్ కిల్న్ కొనే ముందు ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. పెళ్లయి ఒహాయో వచ్చి ఏడు నెలలైంది. ఇక్కడ కమ్యూనిటీ సెంటర్లో మట్టి పని నేర్చుకుంటున్నాను. చేతులకి పని దొరికాకే మనసు కుదుటపడింది. మా అద్దె ఇంటికి గరాజ్ ఉంది. ఒక స్కూలు వాళ్లు పాత ఎలక్ట్రిక్ కిల్న్, అంటే మట్టి పాత్రలు కాల్చే కరెంటు బట్టీ, 400 డాలర్లకి ఇస్తామంటున్నారు. దానికి కంప్యూటర్ లేదు, కాలడం పూర్తవగానే కరెంటు ఆపే కిల్న్ సిట్టర్ అనే పరికరం ఉంది. కంప్యూటర్ ఉన్న కొత్తవి వేలల్లో ఉన్నాయి. దేనికి డబ్బు పెట్టాలో, ఏ ఫీచర్ నిజంగా అవసరమో తెలిసినవాళ్లు చెప్పండి. మా ఆయనకి కరెంటు విషయంలో చాలా టెన్షన్‌గా ఉంది.

---

చెల్లీ, మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి వైపు. పదకొండేళ్లుగా ఇంట్లోనే కిల్న్ పెట్టుకుని కాలుస్తున్నాను. నీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది. కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మా అమ్మమ్మ ఊళ్లో దీపావళికి నెల ముందు కుమ్మరి ఆవం పేర్చేవారు. కుండలు, ప్రమిదలు, మధ్యలో పిడకలు, గడ్డి, పైన మట్టి పూత. రాత్రి నిప్పు పెడితే తెల్లారేదాకా ఆ తాత పక్కనే కూర్చునేవాడు. పొగ రంగు చూసి లోపల ఎంత కాలిందో చెప్పేవాడు. ఇక్కడ నీకు ఆ పొగ కనబడదు. దాని బదులు కోన్ ఉంటుంది. ముందు కోన్ అంటే ఏంటో తెలుసుకో, కిల్న్‌ని నడిపే కంప్యూటర్, అదే కంట్రోలర్, దాని సంగతి తర్వాత.

కోన్ అంటే మట్టిలో, గ్లేజ్‌లో (కుండ మీద గాజులా మెరిసే పూత) ఉండే ముడిసరుకులతోనే చేసిన సన్నటి, పొడుగాటి ముక్క. తగినంత వేడి తగినంత సేపు పడితే మెత్తబడి వంగుతుంది. వేడి, సమయం రెండూ కలిపి కొలుస్తుంది కాబట్టి థర్మామీటర్ చెప్పలేనిది ఇది చెబుతుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం కదా, అలాగే. కోన్ 04 దాదాపు 1060 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కోన్ 6 దాదాపు 1220 దగ్గర వంగుతాయి. ఎంత నెమ్మదిగా వేడెక్కిస్తే అంత తక్కువ డిగ్రీలకే వంగుతాయి. ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో: 06 వేరు, 6 వేరు. ముందు సున్నా ఉంటే అంకె పెరిగేకొద్దీ వేడి తగ్గుతుంది. 06 అంటే సుమారు 1000 డిగ్రీలే. 06కి కాల్చాల్సిన మట్టిని 6కి కాలిస్తే కరిగి, లోపల కుండలు పెట్టే పలకకి, అదే షెల్ఫ్‌కి, ముద్దలా అతుక్కుపోతుంది. ఇంకోటి, ఇక్కడి కంట్రోలర్లు మామూలుగా ఫారెన్‌హీట్‌లో చూపిస్తాయి. సెట్టింగ్ చూసుకోకుండా అంకె నొక్కకు.

ఇప్పుడు నీ కిల్న్ సిట్టర్. పక్క గోడలోంచి ఒక గొట్టం లోపలికి వస్తుంది. దాని చివర రెండు చిన్న ఆనుడులుంటాయి. వాటి మీద అగ్గిపుల్ల కన్నా పొట్టిగా ఉండే చిన్న కోన్‌ని అడ్డంగా పెడతాం. దాని నడుమ మీద ఒక లోహపు కడ్డీ ఆని ఉంటుంది. కోన్ మెత్తబడి వంగితే కడ్డీ కిందికి దిగుతుంది, బయట పట్టుకున్న కొక్కెం వదిలేస్తుంది, బరువు టక్కున పడి కరెంటు ఆగిపోతుంది. చిప్పూ లేదు, స్క్రీనూ లేదు. అందుకే ఎన్నో ఏళ్లనాటి కిల్న్‌లు ఇప్పటికీ నడుస్తున్నాయి. నాకు ఆ పరికరం అంటే గౌరవం.

కానీ దానికి ఆపడం ఒక్కటే తెలుసు. వేడి ఎంత వేగంగా పెరగాలో నువ్వే లో, మీడియం, హై స్విచ్‌లు గంటకో రెండు గంటలకో తిప్పుతూ చూసుకోవాలి. చివర్లో పదిహేను నిమిషాలు అదే వేడి మీద నిలపడం, నెమ్మదిగా చల్లార్చడం దాని వల్ల కాదు. గొట్టంలో గ్లేజ్ చుక్క గట్టిపడినా, కడ్డీ అరిగినా కోన్ వంగాక కూడా కరెంటు ఆగకపోవచ్చు. సిట్టర్ పక్కన లిమిట్ టైమర్ ఉందేమో చూడు. ఎన్ని గంటల్లో అవుతుందనుకుంటున్నావో దానికి ఓ అరగంట కలిపి తిప్పిపెట్టు. అది లేని సిట్టర్ కిల్న్ అయితే నేను కొననివ్వను.

కంప్యూటర్ కంట్రోలర్‌లో రెండు దారులుంటాయి. కోన్ ఫైర్ అంటే కోన్ నంబరు, స్లో, మీడియం, ఫాస్ట్‌లలో ఒకటి చెప్పేస్తే మిగతాది అదే చూసుకుంటుంది. ర్యాంప్ హోల్డ్ అంటే గంటకి ఎన్ని డిగ్రీలు పెరగాలి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు నిలవాలి అన్నది అంచెలంచెలుగా నువ్వే రాసుకోవాలి. మొదటి ఏడాది కోన్ ఫైర్ చాలు. రెండోది ఎందుకు కావాలో చేతికి అనుభవం వచ్చాక నీకే తెలుస్తుంది. గ్లేజ్ పూయక ముందు చేసే మొదటి కాల్పు, అదే బిస్క్, నేను ఇలా చేస్తాను: సెల్సియస్‌లో గంటకి 50 డిగ్రీల చొప్పున 90 దాకా తీసుకెళ్లి, కుండ మందాన్ని బట్టి రెండు నుంచి ఎనిమిది గంటలు అక్కడే నిలుపుతాను. మట్టిలో మిగిలిన తడి మరిగి ఆవిరైతే కుండ పేలిపోతుంది కదా, అందుకు. తర్వాత గంటకి 100 చొప్పున 600 దాకా. 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, అక్కడ తొందర పనికిరాదు. ఆ పైన 900 దాకా 150 చొప్పున, చివరికి 60 చొప్పున కోన్ 04 దాకా. మనూరి ఆవం మీద మట్టి పూత పూసి వేడిని నిదానించేది ఈ పనికే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

డిలే స్టార్ట్ బాగా పనికొచ్చే ఫీచర్. రాత్రి కరెంటు చౌకగా ఉండే చోట ఉపయోగం. కానీ అత్యధిక వేడి నువ్వు మెలకువగా ఉన్న వేళకి వచ్చేలా లెక్క వేసుకో. ఇది ఎందుకంత గట్టిగా చెబుతున్నానో విను. మూడో ఏట నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న కిల్న్‌ని కంప్యూటర్ ఉంది కదా అని నమ్మి పడుకున్నాను. లోపల కరెంటు కలిపి తెంచే స్విచ్, అదే రిలే, దాని కాంటాక్టులు అతుక్కుపోయాయి. కంట్రోలర్ ఆపమన్నా కరెంటు మాత్రం ఎలిమెంట్లకి, అంటే వేడెక్కే తీగలకి, పోతూనే ఉంది. తెల్లారి మూత సందులోంచి ఇంకా నారింజ రంగు కనబడింది. బ్రేకర్ దించేశాను. మర్నాడు తీసి చూస్తే మా అమ్మాయి చేసిన మొదటి గిన్నె షెల్ఫ్‌లోకి ఇంకిపోయి ఉంది. ఆ షెల్ఫ్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

రిలే బాగున్నప్పుడు టిక్, టిక్ అని వినబడుతూ ఉంటుంది. ఆ చప్పుడు నీ చెవికి అలవాటు కావాలి, లయ మారితే వెళ్లి చూడాలి. కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ రిలేలు చప్పుడు చేయవు, ఎక్కువ కాలం వస్తాయి. అయినా అవీ అతుక్కుపోగలవు. రిలేలతో సంబంధం లేకుండా కరెంటు తెంచేసే అదనపు కాంటాక్టర్ ఆప్షన్‌గా ఇస్తే, చెల్లీ, టచ్ స్క్రీన్ మానేసైనా అది తీసుకో. వైఫై యాప్ ఉంటే ఆఫీసులో కూర్చుని వేడి ఎంతుందో చూడొచ్చు. చూడటం వేరు, పక్కన ఉండటం వేరు.

వేడి కొలిచే థర్మోకపుల్ కూడా అరుగుతుంది. మామూలుగా వచ్చేది కె టైప్. ఎక్కువ వేడికి దాని కొస పొలుసులు పొలుసులుగా రాలి, ఉన్న వేడి కన్నా తక్కువ చూపించడం మొదలెడుతుంది. అప్పుడు కంట్రోలర్ ఇంకా కాలుస్తుంది. ప్లాటినం ఉండే ఎస్ టైప్ ఖరీదెక్కువ, నిలకడగా ఉంటుంది. ఏది ఉన్నా ప్రతి షెల్ఫ్ మీదా మూడు సాక్షి కోన్‌లు పెట్టు: 6కి కాలుస్తుంటే 5, 6, 7. ఐదు పడిపోవాలి, ఆరు వంగాలి, ఏడు నిలబడాలి. స్క్రీన్ ఏమన్నా సరే, నేను వాటి మాటే వింటాను.

పెద్ద కిల్న్‌లలో పై, మధ్య, కింది భాగాలకి వేరు వేరు థర్మోకపుల్స్ పెట్టి విడివిడిగా నడిపే జోన్ కంట్రోల్ ఉంటుంది. ఏడు ఘనపుటడుగులు, ఆ పైన ఉన్న కిల్న్ అయితే అది ఉందా అని వాళ్లని అడుగు. చిన్నదానికి అక్కర్లేదు. గాజు కోసం చేసిన కిల్న్ మాత్రం పొరపాటున కొనకు, స్టోన్‌వేర్‌కి, అంటే ఎక్కువ వేడికి కాల్చే గట్టి పాత్రలకి, కావాల్సిన వేడికి అది రాదు.

---

అమ్మా, మాది ఆమదాలవలస. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. అక్కగారు చెప్పినవాటికి కరెంటు సంగతి కలుపుతాను.

స్కూలు కిల్న్ అన్నారు కాబట్టి ముందు పక్కనున్న రేటింగ్ ప్లేటు చూడండి. స్కూళ్లలో చాలాచోట్ల 208 వోల్టులు, త్రీ ఫేజ్. మీ ఇంట్లో 240, సింగిల్ ఫేజ్. 208కి చేసిన ఎలిమెంట్లకి 240 ఇస్తే పవర్ దాదాపు మూడో వంతు పెరుగుతుంది. వైర్లు, ఎలిమెంట్లు తట్టుకోవు. 240 దానికి 208 ఇస్తే నాలుగింట మూడొంతులే పవర్ వస్తుంది, కోన్ 6కి చేరకపోవచ్చు. ఎలిమెంట్లు, వైరింగ్ మార్పించవచ్చు గానీ ఆ ఖర్చు 400కి కలుపుకుని లెక్క వేయండి.

ఏడు ఘనపుటడుగుల కిల్న్ సాధారణంగా 240 వోల్టుల దగ్గర 48 ఆంపియర్లు లాగుతుంది, అంటే పదకొండున్నర కిలోవాట్లు. గంటల తరబడి నడిచే లోడ్ కాబట్టి 125 శాతం లెక్కన 60 ఆంపియర్ల బ్రేకర్ కావాలి. బట్టలారబెట్టే డ్రైయర్ ప్లగ్ 30 ఆంపియర్లే. దానికి 24 ఆంపియర్లు దాటని చిన్న కిల్న్‌లే సరి. ఎక్స్‌టెన్షన్ తీగ వద్దు. అద్దె ఇల్లు కాబట్టి ఓనర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్, ఈ రెండూ లేకుండా డబ్బు ఇవ్వకండి. గోడకి కనీసం 18 అంగుళాల దూరం, కింద కాంక్రీటు నేల. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పడం కూడా మర్చిపోకండి.

---

అప్పా, అన్నయ్యా, చాలా థ్యాంక్స్. ఇంకో రెండు సందేహాలు. మా ఊరి నల్ల కుండల్లాంటివి చేయాలని ఆశ. కాలేటప్పుడు కిల్న్‌లో కాస్త ఊక వేయొచ్చా? ఎప్పుడైనా ఊరికి తిరిగి వెళ్లిపోతే దీన్ని తీసుకెళ్లొచ్చా?

---

ఊక వేయకు తల్లీ. ఎలిమెంట్ తీగ మీద సన్నటి అల్యూమినా పొర ఉంటుంది, అదే దానికి ఆయుష్షు. గాలి ఆడని పొగ ఆ పొరని తినేస్తుంది, తీగలు త్వరగా పాడవుతాయి. పైగా మూసిన గరాజ్‌లో ఆ పొగ ప్రమాదం. ఊక లేకపోయినా బిస్క్‌లో మట్టిలోంచే కార్బన్ మోనాక్సైడ్, గంధకం పొగలు వస్తాయి. అందుకే అడుగునుంచి గాలి లాగి బయటికి పంపే వెంట్ ఉన్నది చూడు. నల్ల కుండ కావాలంటే కిల్న్‌లో ఎర్రగా కాల్చు, పాలిష్ చేసిన కుండైతే 1000 డిగ్రీలు దాటనివ్వకు. తర్వాత బయట ఇనప డ్రమ్ములో రంపపు పొట్టు మధ్య పెట్టి, అంటించి, మూత వేయి. పొగ మట్టిలోకి ఇంకి నల్లబడుతుంది. బయట మంట పెట్టడానికి మీ ఊళ్లో ఏం రూల్స్ ఉన్నాయో ముందు కనుక్కో.

ఊరికి తీసుకెళ్లడం సంగతికొస్తే, కిల్న్ లోపలి మెత్తటి ఇటుక ఓడ ప్రయాణంలో రాలిపోతుంది. అక్కడ 230 వోల్టులు కాబట్టి పవర్ ఎనిమిది శాతం తగ్గుతుంది. మన పల్లెల్లో సాయంత్రం పూట వోల్టేజీ 200కి పడితే ముప్ఫై శాతం పోయినట్టే. వెళ్లేటప్పుడు ఇక్కడే ఇంకో నేర్చుకునే పిల్లకి ఇచ్చేసి, అక్కడ త్రీ ఫేజ్‌కి సరిపోయేలా చేయించుకో.

ఆ స్కూలు కిల్న్ చూడటానికి వెళ్లినప్పుడు ఇలా చెయ్యి. మూత ఎత్తి లోపలి ఇటుకల్లో తీగలుండే గాడులు విరిగాయేమో, తీగలు బయటికి ఉబికి వచ్చాయేమో చూడు. సిట్టర్ కొక్కెం చేత్తో ఎత్తి వదులు, తేలిగ్గా పడాలి. స్విచ్ వేయించి, తీగలన్నీ ఒకేలా ఎర్రబడేదాకా ఆగు. ఇటుక విరక్కుండా ఉండి, 240 సింగిల్ ఫేజ్ అయితే తీసేసుకో, గోడకి తగిలించుకునే కంట్రోలర్ తర్వాతైనా కొనొచ్చు. 208 త్రీ ఫేజ్ అయితే ఆ రోజు డబ్బు ఇవ్వకుండా రేటింగ్ ప్లేటు ఫొటో తీసి ఇక్కడ పెట్టు. అన్నయ్య, నేను ఇద్దరం చూసి చెబుతాం.