వైద్య విద్యలో బోధన, మెంటారింగ్, సమాన అవకాశం: దీన్నే ప్రధాన వృత్తిగా ఎంచుకోవచ్చా?

ప్రశ్న

నేను జనరల్ మెడిసిన్‌లో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. వార్డులో జూనియర్లకు కేసు ప్రెజెంటేషన్ నేర్పేటప్పుడు కలిగే తృప్తి నాకు మరే పనిలోనూ కలగడం లేదు కాబట్టి, రోగులను చూడడం మానకుండానే వైద్య విద్యను నా ప్రధాన వృత్తిగా చేసుకోవాలని ఉంది. మా కుటుంబంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి వ్యక్తిని నేనే. తెలివిలో ఎవరికీ తీసిపోని విద్యార్థుల్లో కొందరు ప్రొఫెసర్లతో చనువుగా మాట్లాడి అవకాశాలు అందుకోవడం, మరికొందరు సందేహం అడగడానికి కూడా జంకడం బహుశా అందుకే నాకు స్పష్టంగా కనిపిస్తుంది. అయితే, మంచి టీచర్ అన్న పేరు ప్రమోషన్‌కు పనికిరాదని సీనియర్లు హెచ్చరిస్తున్నారు. వైద్య విద్యలో ప్రత్యేకంగా డిగ్రీ చేయడం అవసరమా? విద్యార్థులందరికీ సమాన అవకాశం అందడానికి కొత్తగా చేరిన ఒక ఫ్యాకల్టీ సభ్యుడు నిజంగా చేయగలిగిన పని ఏమైనా ఉందా? ఈ దారిలో ఉన్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: వైద్య విద్యా విభాగంలో ప్రొఫెసర్

మీ సీనియర్ల మాట చాలా సంస్థల్లో ఇప్పటికీ నిజమే, కానీ అది పూర్తి చిత్రం కాదు. 1990లో అమెరికా విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ కార్నెగీ ఫౌండేషన్ తరఫున వెలువరించిన నివేదికలో, కొత్త విషయాన్ని కనుగొనడం ఒక్కటే పాండిత్యం కాదని, తెలిసినదాన్ని సమన్వయించడం, ఆచరణలో పెట్టడం, బోధించడం కూడా పాండిత్యమేనని వాదించారు. అనేక వైద్య కళాశాలలు క్లినీషియన్ ఎడ్యుకేటర్లకు, అంటే రోగులను చూస్తూనే బోధనను ప్రధాన పనిగా చేసుకున్నవారికి, ప్రత్యేక ప్రమోషన్ మార్గాన్ని ఏర్పరచడానికి ఆ వాదన ఎంతో బలాన్నిచ్చింది. అయితే తరగతిలో బాగా చెప్పడంతోనే ఆ మార్గం తెరుచుకోదు. మీరు రూపొందించిన పాఠాన్ని ఇతర అధ్యాపకులు పరిశీలించి, తప్పొప్పులు చెప్పి, తమ విద్యార్థులకు వాడుకోగలిగేలా ప్రచురించాలి. అమెరికా వైద్య కళాశాలల సంఘం నడిపే మెడ్‌ఎడ్‌పోర్టల్ సరిగ్గా ఇలాంటి బోధనా సామగ్రినే పీర్ రివ్యూ చేసి ప్రచురిస్తుంది. ఏం బోధించారు, ఎందరికి బోధించారు, దాని ఫలితం ఏమిటి అన్న వివరాలను మొదటి రోజు నుంచే ఒక టీచింగ్ పోర్ట్‌ఫోలియోలో భద్రపరచండి. ప్రమోషన్ దరఖాస్తు పెట్టే ఏడాది కూర్చుని గుర్తుచేసుకుంటే సగం రాదు.

డిగ్రీ విషయంలో తొందరపడవద్దు. స్కాట్లాండ్‌లోని డండీ, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్, చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల మంచి మాస్టర్స్ కోర్సులున్నాయి, కానీ మీ సొంత బోధనలోంచి ఒక గట్టి ప్రశ్న పుట్టిన తర్వాత చేరితేనే ఆ చదువు ఒంటబడుతుంది.

ఇక సమాన అవకాశం గురించి. దీన్ని చాలామంది దయకు సంబంధించిన విషయంగా చూస్తారు, నేను మాత్రం కొలతకు సంబంధించిన విషయంగా చూస్తాను. 1975లో రొనాల్డ్ హార్డెన్ బృందం డండీలో ఆస్కీ పరీక్షను (విద్యార్థులందరూ ఒకే వరుస స్టేషన్లలో ఒకే రకం పనులు చేసి చూపే క్లినికల్ పరీక్ష) ప్రతిపాదించడానికి ఒక ముఖ్య కారణం, పరీక్షకుడి స్వభావాన్ని బట్టి, దొరికిన రోగిని బట్టి మారిపోయే మార్కులను అదుపులో పెట్టడమే. కానీ వార్డులో రోజువారీ పనికి ఇచ్చే గ్రేడ్లు ఇప్పటికీ చాలావరకు అభిప్రాయాల మీదే నడుస్తున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో వైద్య కళాశాల అధ్యాపకులు 2018లో తమ విద్యార్థుల గ్రేడ్లనే విశ్లేషించి ప్రచురించారు. వైద్యరంగంలో తక్కువ ప్రాతినిధ్యమున్న వర్గాల విద్యార్థులకూ మిగిలిన వారికీ వార్డు రేటింగుల్లో తేడా చాలా స్వల్పమే. అయినా అత్యుత్తమ గ్రేడైన ఆనర్స్ దగ్గరికి వచ్చేసరికి ఆ వర్గాల వారికి దాదాపు సగమే దక్కాయి, ప్రతిభావంతుల గౌరవ సంఘానికి ఎంపికయ్యే అవకాశం మూడో వంతుకు పడిపోయింది. రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) సీట్ల ఎంపికలో వీటిని కూడా చూస్తారు కనుక, ఇంత చిన్న తేడా ఒక మనిషి వృత్తిజీవితాన్నే మలుపు తిప్పుతోంది.

సమాధానం 2: శిశువైద్య విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్

పై సమాధానంలో చాలా భాగంతో ఏకీభవిస్తాను, డిగ్రీ గురించి మాత్రం నా అభిప్రాయం వేరు. ఈ రంగానికి పరిచయం చేసే పెద్దదిక్కు ఉన్నవారు ఆగగలరు. ఆ అండ లేనివారికి ఆ కోర్సే ఒక పరిచయ వలయాన్ని ఇస్తుంది, కాబట్టి మీ పరిస్థితిలో ఉన్నవారు కనీసం ఏడాదిపాటు సాగే వైద్య విద్యా ఫెలోషిప్‌లోనైనా త్వరగా చేరడం మంచిదని నా నమ్మకం.

మెంటారింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. సలహా ఇచ్చే మెంటార్ విద్యార్థికి అవసరమే, కానీ అంతకంటే అరుదుగా దొరికేది స్పాన్సర్. పరిశోధన ప్రాజెక్టులు పంచేటప్పుడు, కాన్ఫరెన్సుకు పేర్లు అడిగినప్పుడు, తనంతట తాను అడగలేని విద్యార్థి పేరును ముందుకు తెచ్చి తన మాటను పూచీగా పెట్టేవారినే స్పాన్సర్ అంటాం. పుస్తకంలో లేకపోయినా వార్డు వాతావరణం నేర్పే విషయాలను ఫ్రెడరిక్ హాఫర్టీ, రొనాల్డ్ ఫ్రాంక్స్ 1994లో గుప్త పాఠ్యక్రమంగా వర్ణించారు. ప్రొఫెసర్‌కు ఈమెయిల్ ఎలా రాయాలి, సిఫారసు లేఖ ఎప్పుడు అడగాలి, రౌండ్స్‌లో తెలియదని చెప్పడం తప్పు కాదని ఎవరు భరోసా ఇస్తారు అన్నవి డాక్టర్ల ఇళ్లలో పెరిగిన పిల్లలకు భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. వాటిని తరగతిలోనే అందరికీ బాహాటంగా చెప్పేయండి. దానికి కమిటీ అనుమతి అక్కరలేదు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. మీ నేపథ్యం తెలిసినకొద్దీ ప్రతి వైవిధ్య కమిటీలోనూ మీ పేరే వేస్తారు, ఇబ్బందుల్లో ఉన్న ప్రతి విద్యార్థినీ మీ దగ్గరికే పంపుతారు. జీతంలోనూ ప్రమోషన్‌లోనూ లెక్కకు రాని ఈ భారాన్ని వైద్య విద్యా సాహిత్యంలో మైనారిటీ ట్యాక్స్ అంటున్నారు. ఉద్యోగ ఒప్పందం మీద సంతకం చేయకముందే, వారంలో ఎంత సమయం బోధనకు, మెంటారింగ్‌కు కేటాయిస్తారో రాతపూర్వకంగా అడగండి. అడగడం అత్యాశ కాదు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మరొక్క సందేహం. ఈ మాట ఎత్తగానే, సమానత పేరుతో ప్రమాణాలు దిగజారుస్తున్నారని మా విభాగంలో కొందరు అంటారు. వారికి ఏమని చెప్పాలి?

సమాధానం 3: వైద్య విద్యా విభాగంలో ప్రొఫెసర్

వాదన కంటే వైద్యంలోని ఉదాహరణలే బాగా పనిచేస్తాయి. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే పల్స్ ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపిస్తుండగా నిజానికి ధమని రక్తంలో ఆక్సిజన్ 88 శాతానికి తక్కువగా ఉన్న సందర్భాలు, 2020 డిసెంబరులో ప్రచురితమైన మిచిగన్ పరిశోధకుల అధ్యయనంలో, నల్లజాతి రోగుల కొలతల్లో 11.7 శాతం ఉండగా తెల్లజాతి రోగుల్లో 3.6 శాతమే ఉన్నాయి. చర్మం రంగు ప్రభావాన్ని బోధించని పాఠం ఇక్కడ అసంపూర్ణ పాఠమే, దాని మూల్యం చెల్లించేది రోగి. కిడ్నీ పనితీరును అంచనా వేసే ఈజీఎఫ్‌ఆర్ సూత్రం నుంచి నల్లజాతివారైతే ఫలితాన్ని పెంచి లెక్కించే జాతి గుణకాన్ని తొలగించాలని 2021లో అమెరికా కిడ్నీ సంఘాలు సిఫారసు చేసింది కూడా రోగుల మేలు కోరే.

ప్రమాణాల పేరుతో జరిగిన నష్టం కూడా చరిత్రలో ఉంది. 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక అమెరికా వైద్య విద్యను శాస్త్రీయం చేసిందని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ అప్పటికి నల్లజాతి విద్యార్థుల కోసం ఉన్న 7 వైద్య కళాశాలల్లో 5 తర్వాతి సంవత్సరాల్లో మూతపడి, హోవార్డ్, మెహారీ మాత్రమే మిగిలాయి. మూతపడినవాటికి నిధులిచ్చి ప్రమాణాలు పెంచే మార్గాన్ని ఎంచుకోలేదు.

ఈ వివరాలు విన్న తర్వాత కూడా ఒప్పుకోనివారు ఉంటారు. వారితో తగువు పెట్టుకోకుండా ఒకే ఒక పోస్టింగ్‌ను, అంటే విద్యార్థులు ఒక వార్డులో పనిచేసే ఒక విడతను, తీసుకోండి. అందులో ఏ గ్రేడు ఎందుకిస్తారో విద్యార్థులకు ముందే రాసివ్వండి, ప్రతి విద్యార్థి రోగిని పరీక్షించడాన్ని కనీసం రెండుసార్లు పక్కన నిలబడి స్వయంగా చూడండి, చివరలో గ్రేడ్లు ఏ వర్గాలకు ఎలా వచ్చాయో లెక్కవేసి విభాగ సమావేశంలో ఉంచండి. మీ మొదటి ప్రచురణ కూడా అక్కడినుంచే రావచ్చు.