ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌కి, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే రోజుకి, ముందు కాలేజీ అంకెలు చూసి రిసీవర్లను (పాసులు పట్టేవాళ్లను) వడపోయవచ్చా?

వాటా20
కాలేజీలో ఒక్క సీజన్‌లోనైనా తన జట్టు పాసింగ్‌లో 20 శాతం వాటా అందుకోని రిసీవర్‌ని మొదటి రెండు రౌండ్లలో తీసుకోకూడదు. ఇదీ నా వాదన. వాటా అంటే డామినేటర్ రేటింగే: జట్టు రిసీవింగ్ యార్డుల్లో అతని శాతం, టచ్‌డౌన్లలో (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి చేసే స్కోర్లలో) అతని శాతం, రెండిటి సగటు. పక్కనే వయసు రాసుకోవాలి. 22 ఏళ్లవాడు 19 ఏళ్ల కార్నర్ల (రిసీవర్లను అడ్డుకునే డిఫెండర్ల) మీద సాధించిన యార్డుల్లో నైపుణ్యమెంతో, ముదిరిన ఒంటి బలమెంతో విడదీయలేం.

జస్టిన్ జెఫర్సన్ సంగతి చూడండి. అందరూ 2019లో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి) అతను చేసిన 1,540 యార్డులే చెప్తారు. నేను 2018 చూస్తాను. 875 యార్డులు, 6 టచ్‌డౌన్లే. కానీ ఆ ఏడు ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరేవాడు) జో బర్రో విసిరిందే 2,894 యార్డులు, 16 టచ్‌డౌన్లు. అంటే వాటా 34 దగ్గర, అదీ 19 ఏళ్లకే. (బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌ల పాసులు కలపలేదు, తేడా కొద్దిగానే వస్తుంది.) మరుసటేడు బర్రో 5,671 యార్డులు, 60 టచ్‌డౌన్లు విసిరాడు కాబట్టి జెఫర్సన్ యార్డులు పెరిగినా వాటా 29కి దిగింది. 2020 డ్రాఫ్ట్‌లో 22వ పిక్ దాకా అతను మిగిలే ఉన్నాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తొలి సీజన్‌లోనే 1,400 యార్డులు చేశాడు.

ఫిల్మ్‌రూమ్
వాటా20 గారూ, మీరు గీసిన గీతకి టెరీ మెక్‌లారిన్ అందడు. 2018లో ఒహాయో స్టేట్‌కి 35 క్యాచ్‌లు, 701 యార్డులు, 11 టచ్‌డౌన్లు. క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్ విసిరింది 4,831 యార్డులు, 50 టచ్‌డౌన్లు. వాటా 18, వయసు 23. మీ లెక్కలో రెండు రకాలా ఫెయిల్. అదే జట్టులో ప్యారిస్ క్యాంప్‌బెల్ 90 క్యాచ్‌లు, 1,063 యార్డులు, 12 టచ్‌డౌన్లు చేసి 23 వాటాతో పాసయ్యాడు. 2019 డ్రాఫ్ట్‌లో క్యాంప్‌బెల్ 59వ పిక్, మెక్‌లారిన్ 76వ పిక్. ఆ తర్వాత మెక్‌లారిన్ 2020 నుంచి 2024 దాకా ఏటా వెయ్యి యార్డులు దాటాడు. క్యాంప్‌బెల్‌కి గాయాలు అడ్డొచ్చిన మాట నిజమే, కానీ ఒక్కసారి కూడా వెయ్యి దరిదాపులకు రాలేదు.

వాటా చెప్పనిది క్యాచ్‌కి సగటు చెప్పింది: ఒకరికి 20 యార్డులు, ఇంకొకరికి 12 కూడా లేవు. క్యాంప్‌బెల్‌కి వచ్చిన బంతుల్లో చాలావరకు స్క్రీన్లు (ముందు బ్లాకర్లను పెట్టి వేసే పొట్టి పాసులు), స్క్రిమేజ్ లైన్ (ఆట మొదలయ్యే గీత) చుట్టుపక్కల అందించినవే.

ఇవి కాలేజీలో తేలిగ్గా రావడానికి కారణం రూల్స్‌లోనే ఉంది. పాస్ వేసే లోపు లైన్‌మన్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ముందు వరసవాడు) కాలేజీలో 3 యార్డులు ముందుకెళ్లవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 యార్డే. అందుకే కాలేజీలో రన్‌లా మొదలై పాస్‌గా మారే ఆటలు అన్ని కనిపిస్తాయి. హ్యాష్ గుర్తుల (ఆట మొదలుపెట్టేందుకు బంతిని పెట్టే చోటికి హద్దుల) మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. బంతి ఒక హ్యాష్ మీద ఉంటే అవతలి వైపు రిసీవర్‌కి బోలెడు ఖాళీ దొరుకుతుంది. పైకి వెళ్లాక ఆ ఖాళీ ఉండదు.

మూడోడౌన్
ఇద్దరూ ఒక చిన్న విషయం వదిలేశారు: ఆడని మ్యాచ్‌లు. పుకా నకూవా 2022లో బీవైయూకి (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి) 9 మ్యాచ్‌లే ఆడాడు. 625 యార్డులు, 5 టచ్‌డౌన్లు. క్వార్టర్‌బ్యాక్ జేరెన్ హాల్ సీజన్ మొత్తం 3,171 యార్డులు, 31 టచ్‌డౌన్లు. సీజన్‌ని సీజన్‌తో భాగిస్తే వాటా 18, ఫెయిల్. అదే మ్యాచ్‌కి ఎంత అని చూస్తే నకూవా 69, హాల్ 12 మ్యాచ్‌ల సగటు 264. ఒక్క యార్డుల్లోనే 26 శాతం! పైగా బంతి పట్టుకుని పరిగెత్తి చేసిన 209 యార్డులూ, మరో 5 టచ్‌డౌన్లూ డామినేటర్‌లో లెక్కకే రావు. 2023లో 177వ పిక్‌గా వెళ్లి 105 క్యాచ్‌లు, 1,486 యార్డులతో రూకీ (తొలి ఏడాది ఆటగాడి) రికార్డులు రాసిన వాణ్ణి, ఆ ఒక్క సీజన్ అంకెలే చూస్తే, మీ జల్లెడ బయటే ఆపేసేది.

స్లాట్65
మెక్‌లారిన్ ఉదాహరణ మీద నాకు వేరే అభ్యంతరం ఉంది, ఫిల్మ్‌రూమ్ గారూ. మనం చూసేది డ్రాఫ్ట్ అయినవాళ్లనే. 18 వాటాతో మూడో రౌండ్‌లో పోయాడంటే అతని దగ్గర ఇంకేదో బలంగా ఉండి తీరాలి. అతనికి ఉంది: 40 గజాల పరుగు 4.35 సెకన్లు, సీనియర్ బౌల్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు కాలేజీ ఆటగాళ్లు ఆడే ప్రదర్శన మ్యాచ్‌లో) రాణింపు, పంట్ కవరేజ్‌లో (తన్నిన బంతి పట్టినవాణ్ణి ఆపడంలో) పేరు. తక్కువ వాటా ఉండి ఇవేవీ లేనివాళ్లు అసలు మన పట్టికలోకే రారు. అందుకే డ్రాఫ్ట్ అయినవాళ్లలో మాత్రమే లెక్క తీస్తే వాటాకున్న విలువ అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది. ఒక్క మెక్‌లారిన్‌ని చూపించి వాటా పనికిరాదనడం కుదరదు.

వాటా20
స్లాట్65 గారు చెప్పిందే నా పాయింటు కూడా. గీత 20 దగ్గరే ఉంచుతాను, కానీ అక్కడికి చేరే లెక్క ఇలా చేయాలి. రిసీవర్ ఆడిన మ్యాచ్‌లే తీసుకోవాలి, కింది డివిజన్ జట్లతో ఆడినవి పక్కన పెట్టాలి. స్క్రీన్ యార్డులు తీసేసి, మిగిలినవాటిని ఆ మ్యాచ్‌ల్లో జట్టు పాసింగ్ యార్డులతో భాగించాలి. టచ్‌డౌన్లకి సగం బరువు ఇవ్వడం మాత్రం నాకూ నచ్చదు, పావు చాలు. సీజన్‌కి పది పన్నెండు టచ్‌డౌన్లలో రెండు అటూ ఇటూ అయితే వాటా మొత్తం కదిలిపోతుంది.

ఫిల్మ్‌రూమ్
స్క్రీన్లు తీసేస్తే సగం గొడవ తీరుతుంది. మరి రూట్‌కి (పాస్ కోసం పరిగెత్తిన ప్రతిసారికి) యార్డులు ఎందుకు వాడరు?

వాటా20
వాడతాను, రెండు సీజన్లు కలిపి. ఒక సీజన్‌లో 350 రూట్లు పరిగెత్తాడనుకోండి, టాకిల్ తప్పిపోయి 75 యార్డులు వచ్చిన ఒక్క క్యాచ్ అతని సగటుని 0.2 పెంచేస్తుంది. 2.3 రిసీవర్‌కీ 2.5 రిసీవర్‌కీ మధ్య తేడా అదొక్కటే కావచ్చు. పైగా ఏది రూట్, ఏది బ్లాకింగ్ అన్నది ఫిల్మ్ చూసి చేత్తో రాసుకునే లెక్క కాబట్టి ఒక కంపెనీ అంకెని ఇంకో కంపెనీ అంకెతో పోల్చకండి.