పగడాల్ని బట్టి పాత వరదల మట్టి లెక్క తెలుస్తుందట, మన వంశధారకి పనికొస్తుందా?

వంశధార_గట్టు (శ్రీకాకుళం):
అందరికీ నమస్తే. మాది కళింగపట్నం దగ్గర పల్లె. ఏట్లో ఎర్రనీరు దిగిందంటే మొగ దగ్గర్నుంచి సముద్రం చాలా దూరం ఎర్రగా కనబడుతుంది, 2018లో తిత్లీ తుఫాను వరదకి మరీను. పూర్వం ఇంత మట్టి వచ్చేది కాదని, పైన ఒడిశా కొండల్లో అడవి పల్చబడ్డాకే ఇలా అయిందని మా పెద్దవాళ్లు అంటారు. దీనికి లెక్కలేమైనా ఉంటాయా అని వెతుకుతుంటే, ఆస్ట్రేలియాలో పగడాల్లోని బేరియం అనే లోహాన్ని కొలిచి నది మట్టి చరిత్ర చెప్పారని తెలిసింది. పగడంలోకి మట్టి ఎలా వెళ్తుంది? బేరియమే ఎందుకు? మన దగ్గర చెయ్యొచ్చా? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి టాపిక్ ఇచ్చే గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జియాలజీ_మేస్టారు (విజయనగరం):
బాబూ, పగడంలోకి చేరేది మట్టి మోసుకొచ్చిన బేరియం. నదిలో ఉన్నంతసేపూ అది బంకమట్టి రేణువుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఉప్పునీరు తగలగానే సోడియం, మెగ్నీషియం లాంటివి వచ్చి దాని చోటు ఆక్రమిస్తాయి, బేరియం నీటిలోకి వదిలిపోతుంది. మట్టి అడుగుకి దిగిపోయినా ఆ బేరియం వరదనీటితో పాటు పగడపు దిబ్బల దాకా వెళ్తుంది. పగడం తన సున్నపు అస్థిపంజరం కట్టుకునేటప్పుడు కాల్షియం ఉండాల్సిన చోట కొంచెం బేరియం కూడా ఇరుక్కుంటుంది. పోరైటిస్ జాతి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఎక్స్‌రే తీస్తే చెట్టు వలయాల్లా ఏడాదికో పట్టీ కనిపిస్తుంది కాబట్టి ఏ బేరియం ఏ సంవత్సరానిదో లెక్కపెట్టొచ్చు.

నువ్వు చదివింది ఆస్ట్రేలియాలోని బర్డెకిన్ నది గురించే అయ్యుంటుంది, ఆ పరిశోధన 2003లో వచ్చింది, గ్రేట్ బారియర్ రీఫ్‌లోని హవానా దిబ్బ పగడాల మీద చేశారు. అందులో నాకు బాగా నచ్చిన విషయం చెప్తాను. వరదనీరు వచ్చిన చోట పగడం ముక్క మీద అతినీలలోహిత కాంతి వేస్తే మెరిసే గీతలు కనిపిస్తాయి. 1870కి ముందు కూడా ఆ గీతలున్నాయి, అంటే పెద్ద వరదలు అప్పుడూ వచ్చాయి, కానీ బేరియం పెద్దగా పెరగలేదు. తెల్లవాళ్లు పశువుల్ని దించి గడ్డినేలల్ని మేపడం మొదలుపెట్టాక వరద వచ్చినప్పుడల్లా బేరియం ఎగబాకింది. మట్టి రాక 5 నుంచి 10 రెట్లు పెరిగిందని తేల్చారు. కరువు తర్వాత వచ్చే వరద మరీ ఎక్కువ మట్టి తెస్తుంది, నేల మీద గడ్డి ఉండదు కదా. కెన్యాలో సబాకి నది దగ్గర మలిందీ పగడాలదీ ఇదే కథ, 1700 నుంచి 1900 దాకా పెద్ద మార్పు లేదు, వలస పాలనలో సాగు పెరిగాక మట్టి పెరిగింది.

పాలకొండ_అమ్మాయి:
మేస్టారు చెప్పింది నిజమేగానీ తమ్ముడూ, బేరియం ఒక్కదాన్నే నమ్ముకుంటే దెబ్బ తింటావు. లోతునీళ్లలో బేరియం ఎక్కువ, ఆ నీరు పైకి ఉబికినా పగడంలో పెరుగుతుంది, గాలాపగోస్ పగడాల్లో దాన్ని అందుకే వాడారు. కాబట్టి పక్కన నది మట్టితోనే వచ్చే ఇట్రియం, మాంగనీస్ కూడా కొలుస్తారు, ఉప్పదనం తగ్గిందో లేదో ఆక్సిజన్ ఐసోటోపులతో (బరువులో తేడా ఉండే ఆక్సిజన్ రకాలతో) చూస్తారు, వేడి ఎంతో స్ట్రాన్షియంతో చూస్తారు. ఒక్క పగడంతో ఆపకుండా వేరే పగడంలోనూ అదే ఏడాది అదే పెరుగుదల ఉందా అని చూడాలి.

ఇక మన దగ్గర ఆ పగడపు దిబ్బలెక్కడివి? మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్‌లకి వెళ్లాల్సిందే. మన తీరంలో నదుల మంచినీరు, బురద ఎక్కువ, దిబ్బలు కట్టే పగడాలకి అది సరిపడదు. అలాగని టాపిక్ వదులుకోకు. ఫొరామినిఫెరా అని ఇసుక రేణువంత ఉండే ఏకకణ జీవులుంటాయి, వాటి గుల్ల కూడా సున్నపుదే, బేరియం అందులోనూ చేరుతుంది, చచ్చాక ఆ గుల్లలు సముద్రపు అడుగు మట్టిలో పేరుకుంటాయి. పశ్చిమ ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో వీటితోనే 1,55,000 ఏళ్ల నదీప్రవాహ చరిత్ర రాశారు, 2007లో.

వంశధార_గట్టు:
అక్కా, చాలా థాంక్స్. అయితే మొగ ముందర సముద్రపు అడుగు మట్టిలో గొట్టం దించి కోర్ తీస్తే ఏడాదికేడాది తెలుస్తుందా?

పాలకొండ_అమ్మాయి:
ఏడాదికేడాది రాదు. పురుగులు అడుగు మట్టిని కెలికేస్తాయి, దశాబ్దాల లెక్కలో వస్తుంది. గత 100, 150 ఏళ్లకి సీసం-210తో (కాలం గడిచేకొద్దీ తగ్గిపోయే రేడియోధార్మిక సీసం) వయసు కట్టు, నీ ప్రశ్నకి అది చాలు. మరీ మొగ ఎదురుగా తియ్యకు, ప్రతి వరదకీ అక్కడ అడుగు తవ్వుకుపోతుంది. కాస్త లోపలికి, మట్టి నెమ్మదిగా పేరుకునే చోటు చూసుకో.

జియాలజీ_మేస్టారు:
వంశధార మీదున్న గొట్టా బ్యారేజి సంగతి మర్చిపోకు బాబూ, పైన ఆగిపోయిన మట్టి కింద కోర్‌లో కనిపించదు. వర్షపాతం రికార్డులు, బ్యారేజి ప్రవాహం లెక్కలు ముందే సంపాదించు. అవి లేకుండా మట్టి పెరిగిందని చూపించగలవు గానీ, వాన వల్లనో కొండ నరకడం వల్లనో విడదీయలేవు, మీ పెద్దవాళ్లు అంటున్నది ఆ రెండోదే కదా.