మోత్ పడవ ఫాయిల్ కాడ పగిలితే ఇంట్లో అతుకు వెయ్యొచ్చా?

స్వాన్‌నది: పెర్త్‌లో ఉంటాను. నాది మోత్, అంటే నీటిలోని రెక్కల (ఫాయిల్) మీద పైకి లేచి పోయే ఒంటిమనిషి తెరచాప పడవ. దాని మెయిన్ ఫాయిల్ రెక్కని పడవకి కలిపే నిలువు కార్బన్ కాడకి, రెక్క బిగించే చోటికి నాలుగు వేళ్ల పైన, అడ్డంగా పగులు. నాణెంతో తడితే చుట్టూ అరచేతి మేర డొల్ల శబ్దం. గోడ మందం 2 మి.మీ. ఇంట్లో చెయ్యొచ్చా?

గాలివాటం: చెయ్యొచ్చండి. ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, 40 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. రోజూ తూకం రాసుకోండి. డొల్ల మోగిన మేరంతా పొరలు విడిపోయినట్టే, అదంతా తీసెయ్యాలి, పగులొక్కటే తీస్తే అతుకు పక్కనుంచి లేస్తుంది. అంచులు 80 నంబరు ఎమరీతో 1:12 వాలుగా అరగదీయండి, అంటే 2 మి.మీ. మందానికి 24 మి.మీ. పొడవు. వంపు భారం పొడవునా వస్తుంది కనుక ఎక్కువ పొరలు ఒకే దిశ పోగులవి నిలువుగా పరవండి. వాటిమీద పీల్ ప్లై (గట్టిపడ్డాక ఒలిచేసే గుడ్డ), ఆపైన గాలి లాగేసి పొరల్ని నొక్కే వాక్యూమ్ సంచి.

లంగరు: 1:12 గ్లాస్ ఫైబర్ పడవల లెక్క. ఒకే దిశ కార్బన్‌కి 1:20 తగ్గకూడదు.

గాలివాటం: 1:20 అంటే 40 మి.మీ. కింది వైపు అంత చోటెక్కడుంది? వాలు రెక్క బోల్టు మీదికి పోతుంది.

ఉప్పుగాలి: తడి ఎమరీయే వాడండి, మాస్కు పెట్టుకోండి. కార్బన్ పొడి కరెంటు పారనిస్తుంది, గ్రైండరు లోపలికి పోతే కాలిపోతుంది.

లంగరు: పొరల్ని అతికే ఎపాక్సీ జిగురు మాట చెప్పలేదు. వెస్ట్ సిస్టమ్ 105 ఎపాక్సీకి 206 హార్డెనర్ కలిపి వేడి పెట్టకుండా వదిలేస్తే 60 డిగ్రీల లోపే మెత్తబడుతుంది. జనవరి ఎండలో నల్ల ఫాయిల్ అంత వేడెక్కదా?

గాలివాటం: అందుకే వేడిపెట్టి గట్టిపరిచే లామినేటింగ్ ఎపాక్సీ తీసుకోవాలి. థర్మోకోల్ పెట్టెలో, తయారీదారు పట్టిక ప్రకారం, నెమ్మదిగా వేడి పెంచాలి. మీరు మొదటినుంచీ వంకలే వెతుకుతున్నారు.

లంగరు: వంకలా? డబ్బు తీసుకుని ఓ వర్క్‌షాపువాళ్లు నా కాడకి ఇలాంటి అతుకే వేశారు. పైన అద్దంలా పాలిష్, లోపల పొరలు జిగురు తాగక పొడిగా. రెండో గాలికే ఊడింది.

గాలివాటం: వాళ్లు చెడగొడితే ఎవరికీ చేతకాదనా?

లంగరు: చేతకావడం గురించి కాదండీ! రెక్క చివర, వెనక అంచు ఇంట్లోనే చేసుకోమంటాను, పోతే కాస్త వేగం పోతుంది. ఈ కాడ మీద మనిషీ పడవా రెండూ నిలబడతాయి. 20 నాట్ల వేగం మీద విరిగితే మనిషి ముందుకెగిరి తాళ్లకి కొట్టుకుంటాడు. లోపలి అతుకు నమ్మదగిందో కాదో పైనుంచి తెలీదు. నా అభ్యంతరం అదొక్కటే.

గాలివాటం: తెలుసుకునే దారుంది. పై చివర బల్లకి బిగించి, అడుగున బరువులు వేలాడదీసి వంపు కొలవండి. బరువు తీశాక మునుపటి చోటికి రాకపోయినా, చిటపటలు వినిపించినా ఆ కాడ నీళ్లలోకి దించొద్దు. కొత్తది కొనలేనివాడు పడవ అమ్ముకోవాలా?

లంగరు: ఒకసారి మోసిన బరువు వందసార్లు మోస్తుందని ఎవరు చెప్పారు?

స్వాన్‌నది: మళ్లీ తట్టి చూశాను. డొల్ల బోల్టు రంధ్రం దాకా ఉంది. అక్కడ తెల్లపొడి కూడా.

గాలివాటం: లోపల అల్యూమినియం బిళ్ల ఉందన్నమాట. ఉప్పునీట్లో కార్బన్‌కి తగిలి తినేసుకుంది. అతుకు కన్నా ముందు అది ఊడదీయాలి. కొత్త బిళ్లకీ కార్బన్‌కీ మధ్య ఒక పొర గాజుగుడ్డ వెయ్యండి.

లంగరు: బిళ్ల తీశాక అక్కడ 2 మి.మీ. గోడ మిగిలితే అప్పుడు మాట్లాడదాం.